కొండ శిఖరములు, కోణములు, వృత్తములు

ఖమ్మము నుండి భద్రాచలము వైపు పోవుకొలది మైదానము తగ్గి కొండలు, అడవులు పెరుగును. ఇట్టి ప్రదేశమునకు పటము తయారుచేయుట ఒకప్పుడు చాలా కష్టముగా ఉండెను. చదునైన నేలపై గొలుసు పరచి దూరము కొలువవచ్చును. వాగులు, లోయలు, పొదలు అడ్డుపడిన చోట గొలుసు సాగదు. అక్కడ దూరమునకు బదులు కోణమును కొలువవలసి వచ్చినది.

ఈ పద్ధతికి త్రికోణ మాపనమని పేరు. త్రిభుజములో ఒక భుజము పొడవు, రెండు కోణములు తెలిసినచో తక్కిన భుజములను లెక్కించి రాబట్టవచ్చును. అట్లు తెలిసిన భుజముపై మరియొక త్రిభుజమును, దానిపై ఇంకొకదానిని నిర్మించుచు దేశమంతయు వ్యాపించవచ్చును. గెమ్మా ఫ్రీసియస్ అను పండితుడు ఈ ఉపాయమును 1533లో వివరించెను. మన దేశములో విలియమ్ లాంబ్టన్ 1802లో మద్రాసు చెంత సెయింట్ థామస్ మౌంటు సమీపమున సుమారు 7½ మైళ్ళ ఆధార రేఖను కొలిచి ఈ పని ప్రారంభించెను.

కోణమును కొలుచు సాధనము థియొడొలైటు. అందులో ముఖ్యమైన భాగము గీతలు గీసిన లోహ వృత్తము. లాంబ్టన్ వాడిన పెద్ద సాధనములో ఈ వృత్తపు వ్యాసము 36 అంగుళములు. ఇంత పెద్ద వృత్తము పైన కూడ ఒక డిగ్రీకి వచ్చు చాపము అంగుళములో మూడవ వంతు కంటె తక్కువ. ఒక సెకండుకు వచ్చునది సుమారు 11,000వ వంతు మాత్రమే. అందుచేత గీతలను సూక్ష్మదర్శినితో చదివెడివారు. కోణములో ఒక్క నిమిషము పొరపాటు వచ్చినచో 20 మైళ్ళ దూరమున ఉన్న శిఖరము తన చోటు నుండి సుమారు 31 అడుగులు తొలగినట్లు కనబడును.

1819లో లాంబ్టన్ తన సహాయకుడైన జార్జి ఎవరెస్టును కృష్ణా గోదావరుల మధ్య గల నిజాము రాజ్యపు తూర్పు అడవులకు పంపెను. వానలు గాలిలోని దుమ్మును కడిగివేయుటచే దూరపు శిఖరములు తేటగా కనబడును. కనుక వర్షకాలమే ఈ పనికి అనువైనదని తలచిరి. కాని అడవిజ్వరములకును అదే కాలము. ఎవరెస్టు, అతనితో వచ్చిన వైద్యుడు హెన్రీ వాయిసీ, జెండాలు పట్టిన ఖలాసీలు, కూలీలు వరుసగా జబ్బుపడిరి. కొందరు ప్రాణములు కోల్పోయిరి. ఎవరెస్టు కోలుకొనుటకై 1820లో దక్షిణాఫ్రికా లోని కేప్ ప్రాంతమునకు పోవలసి వచ్చినది. అడవిలోని చెడుగాలియే ఇట్టి జ్వరములకు కారణమని నాటి వారి నమ్మకము. మలేరియా దోమల వలన వ్యాపించునను సత్యమునకు దారిచూపిన పరిశోధనను రొనాల్డ్ రాస్ 1897లో సికిందరాబాదులోనే చేసెను.

ప్రధాన శిఖరముల స్థానములు స్థిరపడిన తరువాత వాటి నడుమ నున్న ఊళ్ళను, వాగులను పటములో నింపవలెను. తెలియని చోట నిలిచిన సర్వేయరు, కనబడుచున్న మూడు శిఖరములను బట్టి తన స్థానమును ఎట్లు తెలుసుకొనును? ఈ సమస్యను స్నెల్ 1617లో లైడెన్ నగరపు మూడు చర్చి గోపురముల సహాయమున సాధించెను. 1637లో డెకార్ట్ ప్రకటించిన నిరూపక రేఖాగణితముతో అది మరింత సులభమగును.

ఒక ఊహాకల్పిత ఉదాహరణము చూతము. తూర్పు దూరమును త అని, ఉత్తర దూరమును ఉ అని, రెంటిని మైళ్ళలో వ్రాయుదము. శిఖరములు క (0, 0), ఖ (10, 0), గ (14, 8). సర్వేయరు కఖ రేఖకు ఉత్తరమున, ఖగ రేఖకు పడమర నున్నాడు. అతనికి క, ఖ ల మధ్య 90 డిగ్రీల కోణము, ఖ, గ ల మధ్య 45 డిగ్రీల కోణము కనబడినవి.

అర్ధవృత్తములోని కోణము లంబకోణము. కనుక అతడు కఖ వ్యాసముగా గల వృత్తముపై నున్నాడు. దాని సమీకరణము త² + ఉ² = 10త. ఇక ఒక చాపముచే కేంద్రము వద్ద ఏర్పడు కోణము, పరిధి వద్ద ఏర్పడు కోణమునకు రెట్టింపు. కావున రెండవ వృత్త కేంద్రము నుండి ఖ, గ లు 90 డిగ్రీల కోణములో కనబడవలెను. అట్టి బిందువులు రెండు కలవు. పడమటి వైపుది (8, 6); అక్కడ నుండి ఖ వరకు గల దూరపు వర్గము 40. కనుక రెండవ సమీకరణము త² + ఉ² = 16త + 12ఉ − 60.

రెండు సమీకరణముల ఎడమ వైపులు ఒక్కటే. కుడి వైపులను సమానము చేయగా వర్గములు తొలగి త + 2ఉ = 10 అను సరళరేఖ మిగులును. త = 10 − 2ఉ అని మొదటి సమీకరణములో వ్రాసినచో 5ఉ² = 20ఉ వచ్చును. ఉ = 0 అయినచో అది ఖ శిఖరమే. కావున ఉ = 4, త = 2. సర్వేయరు (2, 4) వద్ద నున్నాడు.

ఇందు ఒక చిక్కు కలదు. సర్వేయరు, మూడు శిఖరములు ఒకే వృత్తముపై నున్నచో రెండు వృత్తములు ఏకమగును. అప్పుడు అతని స్థానము తేలదు. అందుచేతనే దీనిని ప్రమాద వృత్తమందురు. అది ఎదురైనపుడు మరియొక శిఖరమును చూడక తప్పదు.

నేడు గోదావరి తీరపు అడవిలో సెల్‌ఫోను చేతనున్న వారికి స్థానము క్షణములో తెలియును. అందులోని గ్రాహకము కొండలకు బదులు ఉపగ్రహములను, కోణములకు బదులు దూరములను ఉపయోగించును. వృత్తములకు బదులు గోళములు ఏర్పడును. గ్రాహకపు గడియారములోని లోపమును కూడ కనుగొనవలసి యున్నందున కనీసము నాలుగు ఉపగ్రహములు కావలెను. అక్కడను ఒక గోళపు సమీకరణము నుండి మరియొకదానిని తీసివేసినచో వర్గములు తొలగి సులభమైన సమీకరణములు మిగులును. ఖలాసీలు జెండా మోసి శిఖరములెక్కవలసిన అవసరము ఇప్పుడు లేదు. లెక్కలోని ఆ మెట్టు మాత్రము అట్లే ఉన్నది.