ఆజ్ఞల పట్టిక ఎవరి సొత్తు?

కంప్యూటరు ముందు కూర్చుని ఉత్తరం వ్రాసే గుమాస్తాను గమనించండి. తెర పైభాగాన ‘ఫైల్’ అనీ, దాని ప్రక్కనే ‘ఎడిట్’ అనీ మాటలుంటవి. వ్రాసినదానిని భద్రపరచే ఆజ్ఞ మొదటిదానిలోను, మాటను కత్తిరించి వేరొకచోట అతికించే ఆజ్ఞ రెండవదానిలోను దొరుకుతవి. ఉత్తరం ముగించి ఆయన లెక్కల ప్రోగ్రామును తెరచినా, బొమ్మల ప్రోగ్రామును తెరచినా, చాలావాటిలో ఈ వరుస మారదు. మెనూ అని పిలిచే ఈ ఆజ్ఞల పట్టిక ఆది నుంచీ ఇట్లాగే వున్నదని తోచవచ్చును. కాని ఈ పొందిక వెనుక పదిహేనేండ్ల కృషి, ఒక పెద్ద వ్యాజ్యం వున్నవి.

1980 తరువాత అమెరికాలో వ్యక్తిగత కంప్యూటర్లు వ్యాపించిన తొలిరోజులలో ప్రతి ప్రోగ్రామూ ఒక ప్రత్యేక రాజ్యం. లేఖనానికి పేరుపొందిన వర్డ్‌పర్ఫెక్ట్‌లో సహాయం కోరదలిస్తే ఎఫ్ 3 మీట, పని ముగించదలిస్తే ఎఫ్ 7 మీట నొక్కవలసి వుండేది. లెక్కల కోసం 1983లో వెలువడిన లోటస్ 1-2-3లో ఏటవాలు గీత మీట నొక్కి ఆజ్ఞల పట్టికను పిలవవలెను. ఏ మీట దేనికో జ్ఞాపకం వుండక, ఆజ్ఞల పేర్లు అచ్చువేసిన అట్టముక్కలను మీటల వద్ద అమర్చుకొనేవారు. ఒకచోట గడించిన నేర్పు మరొకచోట అక్కరకు రాకపోగా, అడ్డు తగిలేది.

ఈ చిక్కుకు విరుగుడు అంతకుముందే కాలిఫోర్నియాలో మొలకెత్తింది. జెరాక్స్ సంస్థ 1981లో విడుదల చేసిన స్టార్ యంత్రంలో తరలించడానికి, నకలు తీయడానికి, తొలగించడానికి ప్రత్యేకమైన మీటలుండేవి. మాట అయినా, బొమ్మ అయినా, మొత్తం పత్రమే అయినా అవే మీటలు. జెరాక్స్ పరిశోధనాలయంలో పనిచేసిన లారీ టెస్లర్ 1980లో ఆపిల్ సంస్థలో చేరినాడు. అక్కడ బిల్ అట్కిన్సన్ లీసా యంత్రం కోసం తెర పైనుంచి క్రిందికి జారే పట్టికలను రూపొందించినాడు. 1983లో వెలువడిన ఆ యంత్రంలోనే జెడ్, ఎక్స్, సి, వి అనే ప్రక్క ప్రక్క మీటలు రద్దు, కత్తిరింపు, నకలు, అతికింపు పనులకు ఏర్పడినవి.

లీసా ధర 9,995 డాలర్లు. అది నిలువలేదు. 1984 జనవరిలో 2,495 డాలర్లకు వచ్చిన మెకింటాష్ ఆ పద్ధతిని వ్యాపింపజేసింది. ఇక్కడ ఒక యుక్తి వున్నది. పట్టికలను గీసి చూపే పనిని ఆ యంత్రంలోని 64 కిలోబైట్ల శాశ్వత స్మృతిలోనే పొందుపరచినారు. ప్రోగ్రాము వ్రాసేవాడు తన మాటలను అందిస్తే చాలును, యంత్రమే పట్టిక గీస్తుంది. వరుసను నిర్దేశించే నియమావళి కూడ వెలువడింది. తనకు ఎడిట్‌తో పనిలేని ప్రోగ్రాము సైతం, తెరపై తెరచుకొనే చిన్న ఉపకరణాల సౌకర్యార్థం ఆ పట్టికను వుంచవలెనన్నారు. ఆ విధంగా నియమాన్ని పాటించడమే, ఉల్లంఘించడం కంటె సులభమైనది. కేవలం హితబోధతో ఇంత పొందిక సాధ్యమయ్యేది కాదు.

1987లో ఐబీఎం సంస్థ తన యంత్రాలన్నిటికీ వర్తించే ఉమ్మడి నియమావళిని ప్రకటించింది. సహాయానికి ఎఫ్ 1 మీట అందులోనిదే. మైక్రోసాఫ్ట్ వారి విండోస్ ఈ నియమావళిని అనుసరించి, 1992 నాటికి ఆపిల్ వారి ఎక్స్, సి, వి మీటలను కూడ స్వీకరించింది.

ఇంతలో మరొక ప్రశ్న న్యాయస్థానానికెక్కింది. బోర్లాండ్ సంస్థ తన క్వాట్రో అనే లెక్కల ప్రోగ్రాములో లోటస్ ఆజ్ఞల పట్టికను, అవే మాటలతో, అదే వరుసలో వాడుకొన్నది. లోటస్‌కు అలవాటుపడినవారు, ఆ ఆజ్ఞల వరుసలతో తాము కూర్చుకొన్న మాక్రోలను వదలుకోకుండానే, కొత్తదానికి మారగలగాలన్నది ఉద్దేశం. 469 ఆజ్ఞల ఆ కూర్పు తన సాహిత్య సొత్తని లోటస్ 1990లో దావా వేసింది. క్రింది న్యాయస్థానం లోటస్ పక్షం వహించింది. 1995 మార్చిలో అప్పీలు న్యాయస్థానం ఆ తీర్పును త్రోసివేస్తూ, పట్టిక కేవలం యంత్రాన్ని నడిపే పద్ధతి గనుక దానికి గ్రంథస్వామ్యం లేదన్నది. 1996 జనవరిలో సుప్రీంకోర్టు న్యాయమూర్తులు నలుగురు నలుగురుగా చీలిపోవడంతో ఆ తీర్పే నిలిచింది.

పట్టికను కల్పించినవారి శ్రమ అల్పమైనది కాదు. కాని దానిని నేర్చినవారి శ్రమ సంగతి? వేలమంది వేళ్ళలో కుదిరిన అలవాటును ఒక్క సంస్థ తాళంవేసి వుంచితే, నేర్చినవాడే బందీ అవుతాడు. 2007లో మైక్రోసాఫ్ట్ తన ఆఫీస్ ప్రోగ్రాములలో పాత పట్టికలను తీసివేసి ‘రిబ్బన్’ అనే కొత్త అమరికను తెచ్చినప్పుడు కూడ, కత్తిరించే మీటను, అతికించే మీటను కదిలించలేదు.

ఇది మన భాషకూ వర్తించే మాటే. తెలుగు పట్టికలో ఒక ప్రోగ్రాము ‘ఫైలు’ అని, మరొకటి ‘దస్త్రం’ అని వ్రాస్తే, రెండూ మంచి మాటలే. కాని చదివేవాడు ప్రతిసారీ ఆగవలసి వస్తుంది. ఏదో ఒకదానిని ఎన్నుకొని అంతటా నిలుపుకొన్నప్పుడే పట్టిక వాడుకరికి స్వంతమవుతుంది.