నల్గొండ, మహబూబ్ నగర్ ప్రాంతపు అగ్నిశిలలు

దక్షిణ తెలంగాణ పీఠభూమిలోని నల్గొండ, మహబూబ్ నగర్ జిల్లాలు (2016కు పూర్వపు హద్దుల ప్రకారం) చాలావరకు ధార్వార్ క్రేటాన్ తూర్పు భాగంలో ఉన్నాయి. చిరకాలంగా పెద్ద కదలికలకు లోనుకాక నిలిచిన ప్రాచీన ఖండభాగాన్ని క్రేటాన్ అంటారు. ఇక్కడి గుట్టలు, బండలలో అధికభాగం సుమారు 250 కోట్ల సంవత్సరాలు, అంతకు పైబడిన వయసు గల అగ్నిశిలలు. ఖండ పటలం ఒక్కసారిగా ఏర్పడలేదని, దశలవారీగా పెరిగిందని ఇవి తెలుపుతాయి.

ఖండ పటలం ప్రత్యేకత

సముద్రాల అడుగున ఉన్న పటలం ప్రధానంగా బసాల్టు శిల. బరువైనది గనుక అది కాలక్రమంలో తిరిగి మాంటిల్‌లోకి కుంగిపోతుంది. నేటి సముద్ర పటలంలో దాదాపు అంతా 20 కోట్ల సంవత్సరాల లోపుదే. ఖండ పటలం సిలికా ఎక్కువగా గల తేలికైన శిలలతో కూడినది గనుక నిలిచి ఉంటుంది. కాబట్టి భూమి తొలి చరిత్రను ఖండాలలోనే వెదకాలి.

మాంటిల్ కరిగితే గ్రానైటు రాదు, బసాల్టు వస్తుంది. నీటిని ఇముడ్చుకొన్న బసాల్టు లోతున మళ్ళీ కొంత కరిగినపుడు తేలికైన శిలాద్రవం పుడుతుంది. ఖండ పటలానికి ఇదే ఆరంభం.

పెరుగుదల దశలు

* నైస్ శిలలు: పైన చెప్పిన విధంగా పుట్టిన, సోడియం ఎక్కువగా గల శిలలు వేడికి, ఒత్తిడికి చారలు తేలి నైస్‌గా మారాయి. తరువాతి గ్రానైట్ల మధ్య వీటి అవశేషాలు కనిపిస్తాయి.
* షిస్టు పట్టీలు: గద్వాల, పెద్దవూర పట్టీలలో ప్రాచీన లావా ప్రవాహాలు రూపాంతరం చెంది ఉన్నాయి. గద్వాల పట్టీలో బోనినైట్ అనే అరుదైన లావా దొరికింది. జపానుకు దక్షిణాన గల బోనిన్ దీవులను బట్టి దానికి ఆ పేరు వచ్చింది. నేటి కాలంలో ఒక భూఫలకం మరొకదాని కిందికి చొచ్చుకుపోయే చోట ఇది ఏర్పడుతుంది. అందుచేత ఆనాడే ఫలక చలనం ఉన్నదని కొందరు శాస్త్రజ్ఞుల అభిప్రాయం. మాంటిల్ నుండి పైకి ఎగసిన వేడి ప్రవాహాలే పటలాన్ని పెంచాయని మరికొందరి వాదన.
* పొటాషియం గ్రానైట్లు: సుమారు 250 కోట్ల సంవత్సరాల క్రితం, అప్పటికే ఉన్న పటలం తిరిగి కరగడం వలన ఇవి విస్తారంగా ఏర్పడ్డాయి. ఇది ప్రధానంగా పాత పటలం పరిపక్వమైన దశ.
* డోలరైట్ డైకులు: పటలం చల్లబడి గట్టిపడిన తరువాత పగుళ్ళలోకి మాంటిల్ నుండి శిలాద్రవం చొచ్చుకువచ్చింది. మహబూబ్ నగర్ డైకులలో కొన్నింటి వయసు సుమారు 218 కోట్ల సంవత్సరాలు. వ్యాపారంలో "బ్లాక్ గ్రానైట్" అనబడే రాయి తరచుగా ఈ డోలరైటే.

వయసు నిర్ణయం

గ్రానైటులోని జిర్కాన్ స్ఫటికం ఏర్పడేటపుడు యురేనియంను తనలో చేర్చుకొంటుంది, సీసాన్ని దాదాపుగా చేరనివ్వదు. యురేనియం-238లో సగం సీసంగా మారడానికి సుమారు 447 కోట్ల సంవత్సరాలు పడుతుంది. కనుక రెండింటి నిష్పత్తి స్ఫటికం వయసును తెలుపుతుంది. కొన్ని జిర్కాన్ల నడుమ మరింత పాత గింజ ఉంటుంది. పూర్వపు శిల కరిగి కొత్త శిల అయినదనడానికి అది సాక్ష్యం.

తాగునీటిపై ప్రభావం

శిల కొద్దిగా కరిగినపుడు ఫ్లోరిన్, యురేనియం వంటి మూలకాలు ద్రవంలోకి చేరడానికి మొగ్గు చూపుతాయి. అందువలన పదేపదే కరిగి ఏర్పడిన గ్రానైట్లలో అవి పోగవుతాయి. నల్గొండ గ్రానైట్లలోని బయోటైట్, అపటైట్, ఫ్లోరైట్ ఖనిజాల నుండి ఫ్లోరైడ్ భూగర్భజలంలోకి చేరి, అనేక గ్రామాల ప్రజలను ఫ్లోరోసిస్ వ్యాధికి గురిచేసింది. ప్రపంచ ఆరోగ్య సంస్థ సూచించిన పరిమితి లీటరు నీటికి 1.5 మిల్లీగ్రాములు. సున్నం, పటిక కలిపి ఫ్లోరైడ్‌ను తొలగించే విధానాన్ని నాగపూర్‌లోని నీరి సంస్థ రూపొందించింది. అది "నల్గొండ పద్ధతి" పేరుతో ఇతర దేశాలలోనూ ప్రసిద్ధి చెందింది.