రిసెప్షన్‌కి ముందు ఒక గొంతు ఉండేది: "హలో గర్ల్స్" కథ

ఈ ఎపిసోడ్‌లో రాజులు లేరు, కోటలు లేవు. ఒక కుర్చీ, ఒక ఫోను, దాని ముందు కూర్చున్న మనిషి, అంతే. కానీ కథ మాత్రం గట్టిది.

ఏ కంపెనీకి వెళ్లినా మనకి ముందు కనిపించేది సీఈఓ కాదు కదా. రిసెప్షన్‌లో కూర్చున్న మనిషి. ఇంటర్వ్యూకి టెన్షన్‌తో వెళ్లినప్పుడు "కూర్చోండి, వాటర్ తాగుతారా? ఇప్పుడే పిలుస్తారు" అని ఒక్క మాట మంచిగా అంటే చాలు, ఆ కంపెనీ మీద సగం అభిప్రాయం అక్కడే ఏర్పడిపోతుంది. తల కూడా ఎత్తకుండా "వెయిట్ చేయండి" అన్నా అంతే, అక్కడే ఏర్పడిపోతుంది.

ఈ పనికి ఎంత విలువుందో ఒక పెద్ద పరిశ్రమకి దెబ్బ తగిలాకే తెలిసింది. అది టెలిఫోన్ పరిశ్రమ.

1876లో అలెగ్జాండర్ గ్రాహంబెల్‌కి టెలిఫోన్ పేటెంట్ వచ్చింది. 1878 జనవరి 28న అమెరికాలోని న్యూ హేవెన్‌లో మొదటి కమర్షియల్ ఎక్స్ఛేంజ్ మొదలైంది. కస్టమర్లు ఎంతమందో తెలుసా? 21 మంది! అప్పట్లో నంబర్ నొక్కి కాల్ చేయడం లేదు. ఫోన్ ఎత్తితే ఎక్స్ఛేంజ్‌లో ఒక మనిషి పలకాలి. మీకు ఎవరు కావాలో అడిగి, బోర్డు మీద మీ లైన్‌ని వాళ్ల లైన్‌కి చేత్తో కలపాలి. అంటే కస్టమర్‌కి టెలిఫోన్ కంపెనీ అంటే ఆఫీసు బిల్డింగ్ కాదు, ఆ గొంతే.

మరి ఆ సీట్లో కంపెనీలు ఎవరిని కూర్చోబెట్టాయి? టీనేజ్ కుర్రాళ్లని. టెలిగ్రాఫ్ ఆఫీసుల్లో అలాంటి కుర్రాళ్లే పనిచేసేవాళ్లు, తక్కువ జీతానికి దొరికేవాళ్లు, అందుకని. వాళ్లు ఏం చేశారంటే, కస్టమర్లతో వెటకారాలు, బూతులు, కావాలని రాంగ్ కనెక్షన్లు, మధ్యలో వాళ్లలో వాళ్లే కుస్తీలు. కంప్లైంట్లు కుప్పలుగా వచ్చాయి. చూడండి, టెక్నాలజీ అద్భుతం. ప్రపంచంలోనే లేటెస్ట్ ప్రొడక్ట్. కానీ ముందు పలికే మనిషి మర్యాదగా పలకకపోతే ఆ ప్రొడక్ట్ మీదే కోపం వస్తుంది. నేను సాఫ్ట్‌వేర్‌లో ఉన్నప్పుడు దీన్నే "యూజర్ ఎక్స్‌పీరియన్స్" అని పెద్ద పెద్ద స్లైడ్లలో చూపించేవాళ్లు. బోస్టన్ జనానికి అది స్లైడ్లు లేకుండానే అర్థమైంది.

1878 సెప్టెంబర్ 1న బోస్టన్‌లో ఎమ్మా నట్ అనే అమ్మాయి ఆ సీట్లో కూర్చుంది. అంతకుముందు ఆమె టెలిగ్రాఫ్ ఆఫీసులో పనిచేసేది. ప్రపంచంలో మొదటి మహిళా టెలిఫోన్ ఆపరేటర్ ఆమే. అదే రోజు ఆమె సోదరి స్టెల్లా కూడా చేరింది. నెమ్మదైన గొంతు, ఓపిక, స్పష్టమైన మాట. కస్టమర్లకి నచ్చేసింది. చూస్తుండగానే కుర్రాళ్ల సీట్లన్నీ అమ్మాయిలకి వచ్చేశాయి. ఫోన్ ఎత్తగానే "హలో" అనే అలవాటు అప్పుడే పాకుతోంది కాబట్టి వాళ్లకి "హలో గర్ల్స్" అనే పేరు పడింది.

ఇక్కడిదాకా వింటే హ్యాపీ స్టోరీ లాగే ఉంది. కానీ అసలు విషయం ఇక్కడి నుంచే.

కంపెనీలు ఆ గొంతుని యాడ్స్‌లో వాడుకున్నాయి. "చిరునవ్వున్న గొంతు" అని ప్రచారం చేసుకున్నాయి. సీట్లో మాత్రం రూల్సే రూల్స్. ఏ మాట అనాలో రాసి ఇచ్చేవాళ్లు, అదే అనాలి. వెనక సూపర్‌వైజర్ నిలబడి చూస్తుంటుంది. చాలాచోట్ల పెళ్లైతే ఉద్యోగం పోయేది. జీతం మగవాళ్లకంటే తక్కువ. కస్టమర్ ఎంత తిట్టినా గొంతులో నవ్వు తగ్గకూడదు. ఆ నవ్వు కూడా పనే అని, దానికీ ఒళ్లు అలుస్తుందని జీతం లెక్కల్లో ఎవరూ రాయలేదు.

మొదటి ప్రపంచ యుద్ధంలో ఇంకా విచిత్రం. ఫ్రాన్స్‌లో ఉన్న అమెరికా సైన్యానికి ఫోన్ లైన్లు కలపడానికి ఇంగ్లీషు, ఫ్రెంచి రెండూ వచ్చిన ఆపరేటర్లు కావాలని జనరల్ పెర్షింగ్ అడిగారు. 200 మందికి పైగా అమ్మాయిలు యూనిఫామ్ వేసుకుని, ప్రమాణం చేసి వెళ్లారు. యుద్ధం అయ్యాక సైన్యం ఏమంది? "మీరు సైనికులు కారు, సివిలియన్లు" అంది. వాళ్లని మాజీ సైనికులుగా గుర్తించే చట్టం వచ్చింది 1977లో. దాదాపు 60 ఏళ్లు! అప్పటికి చాలామంది బతికి లేరు.

బోస్టన్ వైపు అమ్మాయిలు మాత్రం అన్నేళ్లు ఆగలేదు. 1919 ఏప్రిల్ 15న జూలియా ఓకానర్ నాయకత్వంలో వేలమంది ఆపరేటర్లు సీట్లలోంచి లేచి బయటికి వచ్చేశారు. అప్పుడు ఫోన్ వ్యవస్థ ప్రభుత్వం చేతిలో ఉంది. కొత్త వేతన ఒప్పందం గురించి ఎన్నిసార్లు అడిగినా వాయిదాలే. అందుకే సమ్మె. న్యూ ఇంగ్లాండ్‌లో ఐదు రాష్ట్రాల్లో ఫోన్లు మూగబోయాయి. వాళ్ల బదులు కాలేజీ కుర్రాళ్లని కూర్చోబెట్టి చూశారు, లాభం లేకపోయింది. ఆరు రోజుల్లో ప్రభుత్వం దిగొచ్చింది. జీతాలు పెరిగాయి, యూనియన్‌తో కూర్చుని మాట్లాడతామని ఒప్పుకున్నారు.

40 ఏళ్లు పొగడ్తలతో రానిది ఆరు రోజుల మౌనంతో వచ్చింది. ఈ ఒక్క పాయింట్ గుర్తుపెట్టుకోండి.

మన దేశంలోనూ ఈ సీటు ఉండేది. 1882 జనవరి 28న కలకత్తాలో ఎక్స్ఛేంజ్ మొదలైంది. న్యూ హేవెన్ తర్వాత నాలుగేళ్లకి, సరిగ్గా అదే తేదీన. మీ తాతయ్యనో అమ్మమ్మనో "ట్రంకాల్" అంటే ఏంటని అడగండి. కాల్ బుక్ చేసి, ఆపరేటర్ ఎప్పుడు కలుపుతారా అని గంటలు గంటలు కూర్చున్న కథలు చెప్తారు. 1960లో కాన్పూర్, లక్నో మధ్య ఎస్‌టీడీ వచ్చింది. ఆపరేటర్ అవసరం లేకుండా ఊరి నుంచి ఊరికి మనమే డయల్ చేసే రోజులు అలా మొదలయ్యాయి.

మరి ఆ సీటు మాయమైపోయిందా? లేదు, చోటు మారింది, అంతే. ఎక్స్ఛేంజ్‌లోంచి ఆఫీసుల ముందు గదిలోకి వచ్చింది. చిన్న స్విచ్‌బోర్డ్ పక్కన పెట్టుకుని ఫోన్ ఎత్తేదీ ఆ మనిషే, వచ్చినవాళ్లని పలకరించేదీ ఆ మనిషే. ఇవాళ హైటెక్ సిటీలో మీరు చూసే రిసెప్షన్ డెస్క్‌కి ఇదీ ఒక మూలమే.

ఒక్క విషయం మాత్రం పెద్దగా మారలేదు. చాలా ఆఫీసుల్లో ఫ్రంట్ డెస్క్ మనిషి ఆ కంపెనీ పేరే పలుకుతూ ఉంటారు కానీ ఆ కంపెనీ పేరోల్‌లో ఉండరు. ఏజెన్సీ ద్వారా వచ్చినవాళ్లు. కంపెనీ మొహం వాళ్లు, కంపెనీ బోనస్ లిస్టులో పేరు మాత్రం ఉండదు.

అందుకే నేను చెప్పేది ఇదే. రేపు వాళ్లని పేరు పెట్టి పలకరించండి, థాంక్స్ చెప్పండి, మంచిదే. కానీ దానితో ఆగొద్దు. టీమ్ లంచ్‌కి వాళ్లని పిలిచారా? వాళ్లు అన్నం తినడానికి లేస్తే ఆ సీట్లో ఎవరైనా కూర్చుంటున్నారా? వచ్చినవాడు వాళ్ల మీద అరిస్తే మేనేజర్ ఎవరి పక్కన నిలబడుతున్నాడు? ఇవి అడగండి. మీరే టీమ్ లీడ్ అయితే ఇంకా గట్టిగా అడగండి.

మీ ఆఫీసులోనో కాలేజీలోనో ఫ్రంట్ డెస్క్‌లో ఉన్నవాళ్లకి ఈ వీడియో షేర్ చేయండి. మీరే ఆ సీట్లో ఉంటే, మీ రోజు ఎలా ఉంటుందో కామెంట్స్‌లో రాయండి, నేను చదువుతాను. ఉంటాను మరి, నెక్స్ట్ ఎపిసోడ్‌లో కలుద్దాం.