డాక్టర్ చెన్నారెడ్డి గారు - మన జిల్లా, మన సర్వీసు

ప్రత్యేక సంచికకు చరిత్ర వ్యాసం ఒకటి కావాలని కార్యదర్శి గారు అడగగానే నాకు డాక్టర్ మర్రి చెన్నారెడ్డి గారి పేరు స్ఫురించినది. కొత్తపేట, దిల్‌సుఖ్‌నగర్, ఎల్.బి.నగర్ ప్రాంతాలలో స్థిరపడిన మన వంటి విశ్రాంత ఉద్యోగులకు ఆయనతో రెండు విధాల సంబంధమున్నది. ఒకటి మన జిల్లా, రెండవది మన సర్వీసు రిజిస్టరు.

ఆయన 1919 జనవరి 13న, నేటి వికారాబాద్ జిల్లా సిర్పూర్ గ్రామంలో జన్మించారు. 1941లో హైదరాబాద్‌లో ఎం.బి.బి.ఎస్. పట్టా పొందారు. అయితే ఆయన జీవితం వైద్యం కంటే రాజకీయాలలోనే ఎక్కువగా గడిచినది. 1952లో శాసనసభకు ఎన్నికై, బూర్గుల రామకృష్ణారావు గారి మంత్రివర్గంలో వ్యవసాయ మంత్రి అయ్యేనాటికి ఆయన వయస్సు 33 ఏళ్ళు.

1956 ఫిబ్రవరి 20న కుదిరిన పెద్దమనుషుల ఒప్పందంపై తెలంగాణ పక్షాన సంతకం చేసిన నలుగురిలో చెన్నారెడ్డి గారొకరు. ఆయనకు మామ వరస అయిన కొండా వెంకట రంగారెడ్డి గారు మరొకరు. తెలంగాణలో ఉద్యోగాలకు 12 ఏళ్ళ నివాసం, ముఖ్యమంత్రి ఒక ప్రాంతం వారైతే ఉపముఖ్యమంత్రి రెండవ ప్రాంతం వారు కావడం వంటివి అందులోని షరతులు. మొదటి మంత్రివర్గంలో ఉపముఖ్యమంత్రి పదవే లేకపోయినది. 1959లో గాని రంగారెడ్డి గారికి ఆ పదవి దక్కలేదు.

ఉద్యోగాల షరతు అమలు కాలేదన్న ఆవేదనే 1969 ఉద్యమానికి దారితీసినది. ఆనాడు ఆఫీసులలో పనిచేసిన వారికి ఆ రోజులు వేరుగా చెప్పనక్కరలేదు. పక్కపక్క సీట్లలో కూర్చుని టిఫిన్ డబ్బాలు పంచుకున్న వాళ్ళమే, ఒకరి మొహం ఒకరు చూసుకోవడానికి సంకోచించాము. తెలంగాణ ప్రజా సమితికి చెన్నారెడ్డి గారు నాయకులయ్యారు. 1967లో తాండూరు నుండి గెలిచిన ఆయన ఎన్నికను వందేమాతరం రామచంద్రరావు గారి పిటిషన్‌పై హైకోర్టు రద్దు చేయగా, 1968లో సుప్రీంకోర్టు ఆ తీర్పును ఖాయం చేసినది. అనర్హత కారణంగా ఆయన స్వయంగా పోటీ చేసే వీలు లేదు. అయినా 1971 లోక్‌సభ ఎన్నికలలో ప్రజా సమితి తెలంగాణలోని 14 స్థానాలలో 10 గెలిచినది.

అదే ఏడాది సమితి కాంగ్రెస్‌లో విలీనమైనది. ఉద్యమాన్ని అమ్ముకున్నారని కొందరు, అంతకు మించి గత్యంతరం లేదని కొందరు అన్నారు. నా మట్టుకు, ప్రజలిచ్చిన 10 స్థానాల బలాన్ని అంత తొందరగా వదులుకోవడం సరికాదనే అనిపిస్తుంది. ఆ తరువాత ముల్కీ నిబంధనలపై 1972 నాటి సుప్రీంకోర్టు తీర్పు, జై ఆంధ్ర ఉద్యమం, 1973లో ఆరు సూత్రాల పథకం వరుసగా వచ్చాయి. 1975 అక్టోబరు 18 నాటి రాష్ట్రపతి ఉత్తర్వుతో జిల్లాలు, జోన్లు ఏర్పడి, మన రిజిస్టర్లలో లోకల్, నాన్ లోకల్ అనే మాటలు చేరాయి. మన ప్రమోషన్లు, బదిలీలు, సీనియారిటీ వివాదాలు అన్నీ వాటి చుట్టూ తిరిగినవే గదా!

1978 మార్చిలో చెన్నారెడ్డి గారు ముఖ్యమంత్రి అయ్యారు. ఆ ఏడాది ఆగస్టు 15న హైదరాబాద్ జిల్లాను రెండుగా విభజించారు. గ్రామీణ జిల్లాకు తరువాత రంగారెడ్డి గారి పేరు వచ్చినది. 2007లో మన ప్రాంతం మహానగర పాలక సంస్థలో కలిసినా జిల్లా మాత్రం అదే. 2016 పునర్విభజనలో చెన్నారెడ్డి గారి సొంత ఊరు వికారాబాద్ జిల్లాకు పోగా, మన కొత్తపేట రంగారెడ్డిలోనే మిగిలినది.

1980 అక్టోబరులో పదవి వదిలిన ఆయన, 1989 డిసెంబరులో మరల ముఖ్యమంత్రి అయ్యారు. హైదరాబాద్‌లో మతకలహాలు చెలరేగిన నేపథ్యంలో 1990 డిసెంబరులో రాజీనామా చేశారు. తమిళనాడు గవర్నరుగా ఉండగానే 1996 డిసెంబరు 2న కన్నుమూశారు. నేడు ప్రభుత్వోద్యోగులకు శిక్షణనిచ్చే సంస్థ ఆయన పేరనే ఉన్నది.

మన కాలనీలలో నల్గొండ వారు, కోస్తా జిల్లాల వారు గోడకు గోడ ఆనుకుని ఉంటున్నారు. పింఛను రోజున బ్యాంకులో ఒకే వరుసలో నిలబడుతున్నారు. 1956లో సంతకాలు పెట్టినవారు కోరుకున్నది కూడా ఈ సఖ్యతనే కావచ్చును. ఒప్పందం వ్రాసుకోవడం తేలిక, దానిని కనిపెట్టి అమలు జరిపించడమే కష్టం. ఫైళ్ళతో జీవితం గడిపిన మనకు ఈ సంగతి ఇంకొకరు చెప్పాలా? మన మనుమలు మనుమరాండ్రు ఆ రోజుల గురించి అడిగినపుడు, కోపతాపాలు పక్కనపెట్టి ఉన్నదున్నట్లు చెప్పడం మన బాధ్యత.