తజస్సుస్ నిషేధమూ, తంతి చట్టమూ

ఒకరి మాటను మరొకరికి చేరవేసే సాధనం ఏది వచ్చినా, దాని వెనుకనే ఆ మాటను దారిలో ఆపి చదివే అధికారం కూడా వచ్చింది. తపాలా, తంతి, టెలిఫోను, నేటి మొబైల్ ఫోను - అన్నింటి చరిత్రా ఇదే. పాలకుడు ప్రజల గుట్టు వినవచ్చునా అనే ప్రశ్న మనకు పాశ్చాత్య న్యాయశాస్త్రం నేర్పినదని చాలామంది అభిప్రాయం. ఈ అభిప్రాయం సరైనది కాదు. ఇస్లామీయ ధర్మశాస్త్రవేత్తలు ఆ ప్రశ్నను ఎప్పుడో వేసుకున్నారు. అంతటితో ఆగక, దానికన్నా చిక్కైన మరో ప్రశ్ననూ వేసుకున్నారు: వినకూడని రీతిలో విన్న సంగతి ఆధారంగా పాలకుడు శిక్ష విధించవచ్చునా? మన దేశపు చట్టం మొదటి ప్రశ్నకు సమాధానం చెప్పడానికే నూరేళ్ళకు పైగా తీసుకుంది. రెండోది ఇంకా తెగలేదు.

దివ్య ఖుర్ఆన్‌లోని అల్ హుజురాత్ సూరా 12వ ఆయతు దురనుమానాన్ని, తజస్సుస్‌ను, చాడీలను ఒకే వరుసలో నిషేధిస్తుంది. తజస్సుస్ అంటే ఇతరులు దాచుకున్న విషయాల కూపీ లాగడం. ఆ వరుసలోనే ఒక అర్థం ఉంది. అనుమానం కూపీకి దారి తీస్తుంది. కూపీలో దొరికినది నలుగురి నోళ్ళలో పడుతుంది. అన్ నూర్ సూరా 27వ ఆయతు పరుల ఇళ్ళలోకి అనుమతి లేకుండా, సలాం చెప్పకుండా ప్రవేశించవద్దంటుంది. ఇతరుల ఉత్తరాన్ని అనుమతి లేకుండా చూడటాన్ని నరకాగ్నిలోకి తొంగిచూడటంతో పోల్చిన ఉల్లేఖనం ఒకటి అబూ దావూద్ హదీసు సంకలనంలో ఉంది. దాని పరంపర బలహీనమని హదీసువేత్తలు అన్నారు కనుక దాని మీద ఎక్కువ బరువు పెట్టనక్కరలేదు. ఆయతులే చాలు.

ఈ ఆదేశాలు పాలకునికి కూడా వర్తిస్తాయా? హజ్రత్ ఉమర్ (రజి) గాథ దీనికి జవాబు. ఇమామ్ గజాలీ 'ఇహ్యా ఉలూమిద్దీన్'లో చెప్పిన ప్రకారం, ఒక రాత్రి ఆయన మదీనా వీధుల్లో తిరుగుతూ గోడ ఎక్కి ఒక ఇంట్లోకి చూశారు. లోపలి మనిషి తప్పు చేస్తూ పట్టుబడ్డాడు. కానీ అతడు బెదరలేదు. తాను చేసినది ఒక తప్పయితే ఖలీఫా చేసినవి మూడని లెక్క చెప్పాడు: కూపీ లాగారు, వాకిలి వదిలి గోడెక్కి వచ్చారు, సలాం చెప్పలేదు. అంతటి ఉమర్ (రజి) ఆ వాదనను అంగీకరించి, పశ్చాత్తాపపడతానని అతని వద్ద మాట తీసుకుని వెళ్ళిపోయారు. మావర్దీ తన 'అల్ అహ్కామ్ అస్సుల్తానియ్యా'లో ఇటువంటి కథనాన్నే మరో రూపంలో ఇచ్చాడు. అందులో వారి రెండు తప్పులకు తన రెండు తప్పులు చెల్లు అని ఖలీఫా వెనుదిరుగుతారు. రెండు కథనాల్లోనూ తేలేది ఒక్కటే. అక్కడ నేరం నిజంగానే జరిగింది, చూసినవాడు సాక్షాత్తూ ఖలీఫా. అయినా చూసిన విధానం తప్పు కనుక శిక్ష లేదు.

క్రీ.శ. 1058లో మరణించిన ఈ మావర్దీ అబ్బాసీ ఖిలాఫత్ కాలపు పెద్ద ఖాజీ, రాజకీయాల లోతు తెలిసిన మనిషి. బజారులో తూనికలు, కొలతలు, నడవడి చూసే ముహ్తసిబ్ అధికారాలను వివరిస్తూ, బయటపడని తప్పుల కోసం ముహ్తసిబ్ వెతకకూడదని ఆయన రాశాడు. దీనికి ఒక మినహాయింపు ఇచ్చాడు. ఒక మనిషిని చంపడానికి ఏకాంతానికి తీసుకుపోయారని నమ్మదగినవాడు వచ్చి చెప్పినట్లయితే, ఆలస్యం చేస్తే దిద్దుకోలేని హాని జరుగుతుంది కనుక అప్పుడు విచారించవచ్చు. అంతకన్నా చిన్న విషయాలకు తలుపు తెరవరాదు. నమ్మదగిన సమాచారం, దిద్దుకోలేని హాని, తక్షణ అవసరం - ఈ మూడు షరతులను పాఠకులు గుర్తుంచుకోవాలి. మళ్ళీ వీటి పని పడుతుంది.

ధర్మశాస్త్రం ఇలా ఉండగా దర్బారులు మరో దారిన నడిచాయన్నది దాచవలసిన సంగతి కాదు. ప్రజల లోపాల వెంట పడితే పాలకుడు వారిని చెడగొట్టినవాడవుతాడన్న అర్థం గల హదీసును ఉల్లేఖించినది హజ్రత్ ముఆవియా (రజి). 'బరీద్' అనే రాజ్య తపాలా ఏర్పాటును చరిత్రకారులు ముడిపెట్టేదీ ఆయన పాలనతోనే. తపాలాగా మొదలైన ఆ బరీద్ అబ్బాసీల నాటికి వేగుల శాఖగా మారింది. ఖలీఫా మన్సూర్ రాష్ట్రాలలోని బరీద్ అధికారుల నుంచి ధాన్యం ధరలు మొదలుకొని ఖాజీల తీర్పుల వరకు అన్నీ రాయించుకునేవాడు. మన దేశంలో అలావుద్దీన్ ఖిల్జీ (1296-1316) కాలంలో ఇది పరాకాష్ఠకు చేరింది. హజార్ సుతూన్ ప్రాసాదంలో అమీర్లు పైకి మాట్లాడటానికి భయపడి సైగలతో సంభాషించుకునేవారని జియావుద్దీన్ బరనీ రాశాడు. ఖిల్జీ వేగులు ముస్లింలు, వారు వెంటాడిన అమీర్లూ ముస్లింలే. కాబట్టి గూఢచర్యాన్ని ఆంగ్లేయులే మనకు అంటించారని అనడం న్యాయం కాదు. ఆంగ్లేయులు చేసినది వేరు. వారు దానికి చట్టం అనే అంగీ తొడిగారు.

తంతి మన దేశంలో 1850ల్లో వచ్చింది. 1854లో మొదటి తంతి చట్టం, 1855లో ప్రజలకు సౌకర్యం. మూడేళ్ళు తిరక్కుండానే దాని విలువ ప్రభుత్వానికి తెలిసివచ్చింది. 1857 మే 11న తిరుగుబాటు సిపాయిలు ఢిల్లీలో ప్రవేశించిన కబురు తంతి ద్వారా అంబాలాకు, అక్కడి నుంచి పంజాబుకు చేరింది. మే 13 నాటికి లాహోరు దండులోని దేశీయ సిపాయిల చేతుల్లోంచి తుపాకులు లాగేసుకున్నారు. గుర్రపు రౌతు మోసే వార్తయితే ఈ వ్యవధి దొరికేది కాదు. ఇంతటి సాధనాన్ని ఏ ప్రభుత్వమూ తన పట్టు నుంచి జారనివ్వదు. 1885 ఇండియన్ టెలిగ్రాఫ్ చట్టం 5వ సెక్షను ప్రజా అత్యయిక స్థితిలో గానీ, ప్రజాభద్రత కోసం గానీ ఏ తంతినైనా ఆపే, చదివే అధికారం ప్రభుత్వానికిచ్చింది. అసలు మెలిక ఆ తరువాతి మాటల్లో ఉంది. అత్యయిక స్థితి నిజంగా ఉందా అని ఎవరికైనా సందేహం వస్తే, ప్రభుత్వ కార్యదర్శి సంతకం చేసిన ధ్రువపత్రమే దానికి తిరుగులేని రుజువు! గోడ ఎక్కినవాడే తాను వాకిలి గుండా వచ్చానని రాసిస్తే చాలునన్నమాట. 1898 తపాలా చట్టం 26వ సెక్షను ఉత్తరాల విషయంలోనూ ఇదే పద్ధతి పెట్టింది.

దీని ఫలితమే పట్టు ఉత్తరాలు. మొదటి ప్రపంచయుద్ధ కాలంలో కాబూలులో ఉన్న మౌలానా ఉబైదుల్లా సింధీ, హిజాజ్‌లో ఉన్న తన గురువు షేఖుల్ హింద్ మౌలానా మహ్మూద్ హసన్‌కు ఉద్యమ వివరాలు పంపవలసి వచ్చింది. తపాలా మార్గం ఎవరి చేతిలో ఉందో ఆయనకు తెలుసు. అందుకని 1916 జూలైలో పసుపు పట్టుగుడ్డ మీద రాసి, నమ్మకస్తుడైన ఒక దూతకు అప్పగించారు. అవి సింధు రాష్ట్రపు హైదరాబాదులోని షేఖ్ అబ్దుర్రహీంకు చేరి అక్కడి నుంచి హిజాజ్ వెళ్ళాలి. (మన హైదరాబాదు కాదు, ఈ పొరపాటు కొన్ని రచనల్లో కనిపిస్తుంది.) దూత ముల్తానులో తన పాత యజమాని వద్ద ఆగాడు. ఆయన వాటిని పంజాబు అధికారుల చేతిలో పెట్టాడు. తపాలాను తప్పించుకున్న ఉత్తరం మనిషి చేతిలో పట్టుబడింది. షేఖుల్ హింద్ హిజాజ్‌లో అరెస్టయి, మాల్టా నిర్బంధంలో గడిపి 1920లో విడుదలయ్యారు; ఆ ఏడాది నవంబరులోనే కన్నుమూశారు. ఈ పట్టు ఉత్తరాల వ్యవహారాన్ని 1918లో రౌలట్ కమిటీ తన నివేదికలో ఉటంకించింది. మరుసటి ఏడాది వచ్చిన రౌలట్ చట్టం సంగతి అందరికీ తెలిసినదే.

స్వాతంత్ర్యం వచ్చింది. రాజ్యాంగం వచ్చింది. 5వ సెక్షను మాత్రం అలాగే ఉండిపోయింది. 1972 సవరణలో దేశ సార్వభౌమత్వం, భద్రత, విదేశీ మైత్రి, శాంతిభద్రతలు వంటి కారణాలను పేర్కొని, ఉత్తర్వులో కారణం రాయాలన్నారు. ఉత్తర్వు ఎలా ఇవ్వాలో, దాన్ని ఎవరు సరిచూడాలో చెప్పే నియమాలు ఆ తరువాత కూడా రాలేదు.

అంతకుముందే, 1962లో ఖరక్ సింగ్ కేసు సుప్రీంకోర్టుకు వచ్చింది. దోపిడీ కేసులో సాక్ష్యం లేక విడుదలైన మనిషి అతడు. అయినా ఉత్తరప్రదేశ్ పోలీసులు రాత్రిళ్ళు తలుపు తట్టి, నిద్ర లేపి, ఇంట్లో ఉన్నాడో లేదో చూసిపోయేవారు. రాత్రి తలుపు తట్టడం చెల్లదని కోర్టు కొట్టివేసింది. కానీ ఏకాంతం రాజ్యాంగం ఇచ్చిన హక్కు కాదని, ఇంటి చుట్టూ రహస్యంగా కాపు వేయవచ్చునని అధిక సంఖ్యాక న్యాయమూర్తులు భావించారు. ఇద్దరు ఒప్పుకోలేదు. వారిలో ఒకరు రాజమండ్రిలో పుట్టి, ఆంధ్ర హైకోర్టుకు మొదటి ప్రధాన న్యాయమూర్తి అయిన కోకా సుబ్బారావు. ఏకాంతం వ్యక్తి స్వేచ్ఛలో విడదీయరాని భాగమని, నీడలా వెంటాడే చూపు కింద బతికేవాడు స్వేచ్ఛాజీవి కాడని ఆయన భిన్నాభిప్రాయంలోని సారం. 1967 రాష్ట్రపతి ఎన్నికలో డాక్టర్ జాకిర్ హుస్సేన్‌పై పోటీచేసి ఓడిన అభ్యర్థిగా ఆయన మనవాళ్ళకు గుర్తు. ఆ ఎన్నిక కన్నా ఈ భిన్నాభిప్రాయమే ఆయనను గుర్తుంచుకోవలసిన కారణం అని నా ఉద్దేశం.

1986లో పార్లమెంటు తపాలా సవరణ బిల్లును ఆమోదించి, ఉత్తరాలను తెరిచే అధికారాన్ని మరింత విస్తరింపజూసింది. రాష్ట్రపతి జైల్ సింగ్ దానిపై సంతకమూ చేయలేదు, తిప్పీ పంపలేదు. తన బల్ల మీదనే ఉంచుకున్నారు. 1990లో తరువాతి రాష్ట్రపతి వెంకట్రామన్ దాన్ని తిప్పి పంపగా, 2002లో ఉపసంహరించుకున్నారు. ఈలోగా 1988లో కర్ణాటక ముఖ్యమంత్రి రామకృష్ణ హెగ్డే టెలిఫోన్ల ట్యాపింగు వివాదంలో రాజీనామా చేశారు. గుట్టు వినే యంత్రం దొరికితే పాలకులు మొదట వినేది శత్రుదేశాన్ని కాదు, తమ పక్క కుర్చీలోని వాణ్ణి. అలావుద్దీన్ అమీర్లను అడిగితే ఈ ముక్క వారే చెప్పేవారు.

చివరికి 1996 డిసెంబరు 18న, పీపుల్స్ యూనియన్ ఫర్ సివిల్ లిబర్టీస్ వేసిన వ్యాజ్యంలో న్యాయమూర్తులు కుల్‌దీప్ సింగ్, సగీర్ అహ్మద్ టెలిఫోను వినడానికి పద్ధతి నిర్ణయించారు. హోం కార్యదర్శి స్థాయి అధికారి ఉత్తర్వు ఉండాలి. వేరే మార్గంలో ఆ సమాచారం దొరుకుతుందా అని ముందు చూడాలి. ఉత్తర్వు రెండు నెలలకు ముగియాలి, పొడిగించినా ఆరు నెలలు దాటరాదు. సమీక్షా సంఘం పరిశీలించాలి. పని తీరాక నకళ్ళు నాశనం చేయాలి. 1885 నుంచి లెక్క వేస్తే 111 ఏళ్ళు. 2017 ఆగస్టు 24న తొమ్మిది మంది న్యాయమూర్తులు పుట్టస్వామి కేసులో ఏకాంతం ప్రాథమిక హక్కని ఏకగ్రీవంగా తీర్పు చెప్పారు. 1962 నాటి సుబ్బారావుగారి మాటే నిలిచింది.

మావర్దీ షరతులను ఈ పద్ధతి పక్కన పెట్టి చూస్తే తేడా స్పష్టపడుతుంది. అవసరం, గడువు అనే వాటిని మన చట్టం గుర్తించింది. అయితే వినమని ఉత్తర్వు ఇచ్చేవాడూ ప్రభుత్వాధికారే, దాన్ని సమీక్షించేదీ ప్రభుత్వాధికారుల సంఘమే. న్యాయమూర్తి ముందస్తు అనుమతి ఎక్కడా లేదు. తంతి 2013 జూలైలో మూతపడింది. దాని చట్టం స్థానంలో తెచ్చిన 2023 టెలికమ్యూనికేషన్ల చట్టం కూడా ఈ లోటు తీర్చలేదు. ప్రభుత్వం మారిన తరువాత 2024 మార్చిలో హైదరాబాదులో ఫోన్ల ట్యాపింగు ఆరోపణలపై కేసు నమోదైనప్పుడు మన పాఠకులు పత్రికల్లో చదివిన చర్చంతా ఈ లోటు చుట్టూ తిరిగినదే. కేసు నిజానిజాలు తేల్చవలసింది న్యాయస్థానాలు.

ఇక రెండో ప్రశ్న. బొంబాయిలో లంచం కేసులో రికార్డు చేసిన టెలిఫోను సంభాషణ గురించి 1972లో సుప్రీంకోర్టు, సాక్ష్యం అక్రమంగా సేకరించినదైనా విషయానికి సంబంధించినదైతే స్వీకరించవచ్చునంది. ఉమర్ (రజి) వెనుదిరిగిన చోటనే మన కోర్టు ముందుకు నడిచింది. 2019 అక్టోబరులో బొంబాయి హైకోర్టు మరో లంచం కేసులో, నియమాలు పాటించని ట్యాపింగు ఉత్తర్వులను కొట్టివేసి, ఆ రికార్డులను నాశనం చేయమని ఆదేశించింది. అదే సమయంలో, 2025 జూలైలో సుప్రీంకోర్టు ఒక విడాకుల వ్యాజ్యంలో భర్త భార్యకు తెలియకుండా రికార్డు చేసిన సంభాషణలను సాక్ష్యంగా అనుమతించింది. ఈ చివరిది ప్రభుత్వం వేసిన చెవి కాదు, ఇంట్లోని మనిషి చేతి ఫోను. మావర్దీ ముహ్తసిబ్‌కు గీసిన గీత వాకిలి దగ్గర ఆగింది. ఇంటి లోపలి తజస్సుస్ విషయంలో నేటి ఖాజీలు, ముఫ్తీలు ఏమంటారో విడాకుల తగాదాలలో వారి ముందుకు ఫోన్లు పట్టుకొస్తున్న దంపతులు అడుగుతూనే ఉన్నారు.