అతుకు చరిత్ర

‘అతుకు’ అనే మాటకు మన విమర్శలో మర్యాద లేదు. కావ్యములో అతుకు కనిపించినదంటే కవికి లోపము కట్టుతాము. ప్రక్షిప్తమంటే ఇంకను నిష్ఠురముగా చూస్తాము. కాని నేటి లోకవ్యవహారమును మోయుచున్న కంప్యూటర్లు అతుకులమీదనే బ్రతుకుతున్నవి. ఇంగ్లీషులో దానిని ప్యాచ్ అంటారు. అది ఉపమానముగా పుట్టిన మాట కాదు. 1944లో హార్వర్డు విశ్వవిద్యాలయమునకు చేరిన మార్క్ వన్ యంత్రము, రంధ్రములు పొడిచిన కాగితపు పట్టీని చదివి లెక్కలు కట్టేది. పట్టీలో తప్పు రంధ్రము పడినచో దానిపై కాగితపు ముక్క అంటించి మూసేవారు. తాటాకుమీద తప్పు కొట్టివేసి ప్రక్కన సవరణ గీసిన మన లేఖకునికీ వారికీ పనిలో భేదము లేదు.

భేదము తరువాత వచ్చినది. లేఖకుని సవరణ అతని చేతిలోని ప్రతికే పరిమితము. సి. పి. బ్రౌను కడపలో పండితులను కూర్చుండబెట్టి, ఒక్క గ్రంథమునకు అనేక ప్రతులు తెప్పించి పాఠములు సరిచూపించగలిగినాడంటే, ఒక ప్రతిలోని దోషము మరియొక ప్రతిలో లేకపోవుటచేతనే గదా! నేటి అతుకు ఒకచోట తయారై గంటలోపల లక్షల యంత్రములకు చేరుతుంది. దానిలో దోషమున్నచో అదియు అంత వేగముగనే చేరుతుంది. సరిచూచుకొనుటకు వేరొక ప్రతి మిగలదు.

మన అక్షరమే ఒకసారి ఈ చరిత్రలో చిక్కుకొన్నది. 2018 ఫిబ్రవరిలో ఆపిల్ సంస్థవారి ఐఫోనులు ఒక తెలుగు సంయుక్తాక్షరమును తెరమీద చూపబోయి కూలిపోయినవి. ఆ అక్షరము ‘జ్ఞా’. జ్ఞానమను మాటకు మొదటి అక్షరమే! నిజమునకు మనము నిత్యము వ్రాసే జ్ఞా ఏ పాపమూ ఎరుగదు. జకారము క్రింద ఞకారపు వత్తు వ్రాసి, దీర్ఘమునకు ముందు కంటికి కనిపించని ఒక విభాజక సంకేతము చొప్పించినచో, అక్షరముల కూర్పును లెక్కించే విభాగము దారి తప్పేది. అది కూలితే దానిని ఆశ్రయించిన ఉత్తరముల విభాగము, వాట్సాప్ వంటివి కూలేవి. సందేశపు సూచన ముఖపత్రముమీదికి వచ్చినదా, ముఖపత్రమే పడి, లేచి, అదే అక్షరమును మరల చూచి మరల పడేది. బెంగాలీ, దేవనాగరి లిపులలోను ఇటువంటి కూర్పులు ఉన్నట్లు పరిశీలకులు వెంటనే చూపినారు. అయినను ఇంగ్లీషు పత్రికల శీర్షికలలో నేరము తెలుగు అక్షరముమీదనే నిలిచినది. ఫిబ్రవరి 19న 11.2.6 సంఖ్యగల సవరణ విడుదలై చిక్కు తీరినది. ఆ అతుకు మంచి అతుకు. కాని నా వంటి అనువాదకునికి ఒక బాధ మిగిలినది. వత్తులు గల లిపిని పరీక్షించవలసిన చోట పరీక్షించనివారిది తప్పైతే, అపకీర్తి లిపికి వచ్చినది. మన రచయితలలో దానిని గురించి మాట్లాడినవారు అరుదు. నేనును ఆనాడు నవ్వి ఊరకున్నవాడనే.

ఆరేండ్ల తరువాత జరిగినది నవ్వదగినది కాదు. 2024 జూలై 19, శుక్రవారము. మన గడియారము ప్రకారము ఉదయము 9 గంటల 39 నిమిషములకు, అమెరికాకు చెందిన క్రౌడ్‌స్ట్రైక్ అనే భద్రతా సంస్థ విండోస్ యంత్రములకు ఒక చిన్న దస్త్రమును పంపినది. దొంగలను పసికట్టుటకు కావలికి ఇచ్చిన కొత్త ఆనవాళ్లవంటిది అది. దానిని చదివే కావలి కార్యక్రమము 20 విషయములను అందించుచుండగా, కొత్త ఆనవాలు 21వ దానిని కోరినది. లేని ఇరవైయొకటవ దానికై చేయి చాచి కార్యక్రమము పడిపోయినది. ఆ కావలి యంత్రపు గర్భాలయములోనే కాపురమున్నది గనుక యంత్రమంతయు నీలితెర పట్టి ఆగిపోయినది. తిరిగి లేపినచో, యంత్రము మేల్కొనే తొలిదశలోనే కావలిని పిలుచును, కావలి అదే దస్త్రమును చదువును, మరల పతనము. ఈ మేల్కొనుటను బూట్ అంటారు. తన బూటు పట్టీలను తానే పట్టుకొని తన్ను తాను పైకెత్తుకొనుట అనే మాటనుండి అది వచ్చినది. తన భుజముపై తానెక్కుట అసాధ్యమునకు ఉదాహరణమని మన తార్కికులు చెప్పినారు. ఆ శుక్రవారము వారి మాటయే నెగ్గినది.

78 నిమిషములలో సంస్థ ఆ దస్త్రమును ఉపసంహరించినది. అయితే లేవలేని యంత్రము ఉపసంహరణను వినునా? దాదాపు 85 లక్షల యంత్రములు పడినవని మైక్రోసాఫ్ట్ అంచనా. మొత్తము విండోస్ యంత్రములలో అది నూటికి ఒకటి కూడ కాదు. వాటిలో అనేకముల దగ్గరికి మనిషి స్వయముగా వెళ్లి, సురక్షిత స్థితిలో లేపి, ఆ ఒక్క దస్త్రమును తుడిచివేయవలసి వచ్చినది. తాళము వేసిన యంత్రమునకు సుదీర్ఘమైన రహస్య సంఖ్య కావలెను. ఆ సంఖ్యలను దాచిన యంత్రమే పడిపోయిన చోట నిర్వాహకుల అవస్థ చెప్పతరము కాదు.

నేనుండే కుమ్హారికి కూతవేటు దూరమున భిలాయి ఉక్కు కర్మాగారమున్నది. అక్కడి మొదటి బ్లాస్ట్ ఫర్నేసును 1959 ఫిబ్రవరి 4న రాష్ట్రపతి రాజేంద్రప్రసాద్ ప్రారంభించినారు. అక్కడ పనిచేసిన తెలుగువారెవరిని అడిగినను ఒక మాట చెప్పుతారు: కొలిమిని మండించుచుండుట ఒక ఎత్తు, చల్లారినదానిని లేపుట మరియొక ఎత్తు, లోపలి ఇనుము గడ్డకట్టినచో కొలిమియే కొలిమికి అడ్డము. అందుకనే దానిని ఏండ్ల తరబడి ఆర్పరు. సర్వర్లను నడుపువారికిని ఈ భయమే ఉండవలసినది.

విమానములు ఎక్కువగా దెబ్బతిన్నవి. అమెరికాలో డెల్టా సంస్థ ఐదు దినములలో సుమారు 7,000 సర్వీసులు రద్దు చేసినది. మన దేశములో ఇండిగో రద్దు చేసినవి 200 వరకు. శంషాబాదు విమానాశ్రయములో ముద్రణ యంత్రములు మూగవోగా, ఉద్యోగులు కలములు తీసి, ప్రయాణికుని పేరు, విమానపు సంఖ్య, ఆసనము చీటీలమీద వ్రాసి ఇచ్చినారు. హైదరాబాదునుండి కలకత్తా పోవు ఒక ప్రయాణికుని చీటీ ఛాయాచిత్రమై లోకమంతట తిరిగినది. నేనును చూచినాను. అక్షరములు కొంత వంకరగా, తొందరగా వ్రాసినవి. అయినను చదువుటకు ఏ అడ్డమూ లేదు. ఆ చీటీతోనే అతడు విమానమెక్కినాడు.