ఏ దేశం తరఫున?

2025 సెప్టెంబరు 19 రాత్రి సహంలోని మా ఇంట మూడు తరాలవాళ్లం టీవీ ముందు కూర్చున్నాం. ఆసియా కప్పు పోటీల్లో భాగంగా అబూధాబీలో భారత్, ఒమాను జట్లు తలపడుతున్నాయి. భారత్ 188 పరుగులు చేసింది. ఒమాను నాలుగు వికెట్లు మాత్రమే పోగొట్టుకుని 167 దాకా వచ్చి, 21 పరుగుల తేడాతో ఓడింది. ఒమాను ఫోరు కొట్టినప్పుడల్లా మా మనుమడు ఎగిరి గంతేశాడు.

“ఒరే, నువ్వు ఏ దేశంవాడివిరా?” అని వాళ్ల నాన్న అడిగాడు.

“నేను పుట్టింది ఇక్కడేగా నాన్నా!” అన్నాడు వాడు.

అందరం నవ్వేసి ఊరుకున్నాం. కాని ఆ ప్రశ్న నన్ను వదలలేదు. అందుకే ఈ నాలుగు మాటలు.

ఆటగాళ్లు దేశం మారడం కొత్త సంగతి కాదు. మంచుగడ్డ మీద ఆడే ఫిగర్ స్కేటింగులో ఇది తరచు జరుగుతూనే ఉంటుంది. జంటగా ఆడేవారికి సరైన జోడీ స్వదేశంలో దొరకకపోవడం అందుకొక కారణం. 2002 ఒలింపిక్సులో ఉక్రెయిను తరఫున ఆడిన అలియోనా సావ్‌చెంకో తరువాత జర్మనీకి వెళ్లిపోయింది. 2018లో ఫ్రాన్సులో పుట్టిన బ్రూనో మాసోతో కలిసి జర్మనీకి స్వర్ణపతకం తెచ్చింది. ఒలింపిక్సుకు పౌరసత్వం తప్పనిసరి. అందుచేత మాసో పట్టుబట్టి జర్మను భాషా పరీక్ష గట్టెక్కి, ఆ క్రీడలకు కొద్ది నెలల ముందే జర్మను పౌరుడయ్యాడు.

మన దక్షిణాది బిడ్డ తారా ప్రసాద్ కథ మరొక రకం. అమెరికాలో, తమిళ కుటుంబంలో పుట్టింది. చిన్నతనంలో చక్రాల స్కేట్లతో మొదలుపెట్టి తరువాత మంచు మీదికి మారింది. భారత పాస్‌పోర్టు లేనివారు భారత్ తరఫున ఆడరాదని మన ప్రభుత్వం 2008 చివర నియమం పెట్టింది. మన చట్టం రెండు పౌరసత్వాలను ఒప్పుకోదు. కనుక ఆమె అమెరికా పౌరసత్వం వదులుకుని భారత పౌరురాలయింది. 2025 ఫిబ్రవరిలో చైనాలోని హార్బిన్‌లో జరిగిన ఆసియా శీతాకాల క్రీడల్లో ఎనిమిదో స్థానం పొందింది. పతకం రాలేదు. కాని ఏ పాస్‌పోర్టు కోసం మనవాళ్లు ఏళ్ల తరబడి ఎదురుచూస్తారో, ఆ పాస్‌పోర్టును ఆమె ఆట కోసం తిరిగి ఇచ్చేసింది. అది చిన్న సంగతి కాదు.

ఒమానులో మన పరిస్థితి వేరు. పరాయి దేశస్థుల పిల్లలకు ఇక్కడ పుట్టినంత మాత్రాన పౌరసత్వం రాదు. ఉద్యోగం ఉన్నంతకాలం రెసిడెంటు కార్డు, ఆ తరువాత ప్రయాణం. ఈ సంగతి తెలిసే మన పెద్దలు వచ్చారు, తెలిసే ఇల్లు నిలబెట్టారు. అయినా ఒకచోట తలుపు తెరిచి ఉంది. అదే క్రికెట్టు. అంతర్జాతీయ క్రికెట్టు మండలి నియమాల ప్రకారం ఆ దేశంలో పుట్టినవారు, ఆ దేశపు పాస్‌పోర్టు ఉన్నవారే కాదు, వరుసగా మూడేళ్లు అక్కడ నివసించినవారు కూడా ఆ దేశపు జట్టులో ఆడవచ్చు.

ఈ దేశంలో ఆ ఆటకు పునాది వేసినవారూ వలస వచ్చిన కుటుంబంవారే. కచ్ ప్రాంతంలోని మాండవి నుంచి 1870లో మస్కట్టు చేరిన వర్తక కుటుంబానికి చెందిన షేక్ కనక్సీ ఖిమ్జీ 1979లో ఇక్కడి క్రికెట్టును ఒక సంఘంగా కూర్చారు. ఆయన 2021లో కన్నుమూశారు. కంపెనీలు జట్లు పెట్టుకుని, ఆట వచ్చినవారికి ఉద్యోగాలిచ్చాయి. పగలు కొలువు, సాయంత్రం సాధన. అలా పెరిగిన జట్టు 2016 మార్చి 9న ధర్మశాలలో, టి-20 ప్రపంచకప్పులో, ఐర్లండును రెండు వికెట్ల తేడాతో ఓడించింది. 2019లో వన్‌డే హోదా సంపాదించింది. 2021 అక్టోబరులో ప్రపంచకప్పు తొలి దశ ఆటలు కొన్ని మన అల్ అమరాత్ మైదానంలోనే జరిగాయి. మొదటి ఆటలో ఒమాను పాపువా న్యూగినీని పది వికెట్లతో గెలిచింది.

ఆ 2021 జట్టులో సందీప్ గౌడ్ పేరు చూసినప్పుడు మనవాళ్లెంత సంబరపడ్డారో! 1991లో హైదరాబాదులో పుట్టిన కుర్రాడు, కుడిచేతివాటం బ్యాటరు, ఒమాను చొక్కా తొడుక్కుని ప్రపంచకప్పుకు వెళ్లాడు. అదే జట్టులోని జతీందర్ సింగ్ పుట్టింది లూధియానాలో. తండ్రి ఒమానులో వడ్రంగం పని చేసేవారు. కుటుంబం 2003లో ఇక్కడికి వచ్చింది. ఆ వడ్రంగి కొడుకే 2025 ఆసియా కప్పులో ఒమానుకు నాయకుడై, పుట్టిన దేశానికి ఎదురు నిలిచి ఆడాడు. అతన్ని ద్రోహి అన్నవారు ఎవరైనా ఉన్నారా? భారత అభిమానులు కూడా చప్పట్లు కొట్టారు.

సహం ఫుట్‌బాలు ఊరు. 2009లో సహం క్లబ్బు సుల్తాను కాబూసు కప్పు గెలిచింది. ఇక్కడ క్రికెట్టంటే శుక్రవారంనాడు ఖాళీ స్థలాల్లో మనవాళ్లు, మన పొరుగువాళ్లు కలిసి ఆడుకునేదే. ఆ ఆటలో మా మనుమడూ ఉంటాడు.

వాడికి నేను ఇప్పుడు చెప్పే జవాబు ఇది. పాస్‌పోర్టు ప్రభుత్వం ఇచ్చేది. చొక్కా చెమటోడ్చి సంపాదించుకునేది. తారా ప్రసాద్ మొదటిదాన్ని మార్చుకుంటేగాని రెండోది దక్కలేదు. సందీప్ గౌడ్‌కు మొదటిదానితో పని లేకుండానే రెండోది దక్కింది. ఈ రెండింటికీ అందనిది మరొకటి ఉంది. అది ఇంట్లో అమ్మమ్మ మాట్లాడే తెలుగు. దాన్ని ఏ దేశమూ అడిగి తీసుకోదు, ఏ దేశమూ ఇవ్వనూ లేదు. అది మనమే ఇవ్వాలి.

కనుక మనుమడా, ఒమాను ఫోరు కొడితే గంతెయ్యి. భారత్ గెలిస్తే మాతో కలిసి మిఠాయి తిను. కాని ఆ రెండు ముచ్చట్లూ నాకు తెలుగులోనే చెప్పు.